పరిశోధక విద్యార్థికి వేతనం ఎవరిస్తారు?

గడచిన వేసవిలో ఒకనాటి సాయంకాలం ఒక రైతు తన కూతురిని వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. ఏటూరునాగారానికి ఎగువన, గోదావరికి దగ్గరగా ఉన్న ఒక కోయగూడెం వారిది. అమ్మాయి బి.ఎస్సి. మంచి మార్కులతో పూర్తిచేసింది. వరంగల్లులో ఎం.ఎస్సి. రసాయనశాస్త్రం చదవాలని, ఆ తరువాత పరిశోధన చేయాలని ఆమె కోరిక. తండ్రి చదువుకు అడ్డుచెప్పే మనిషి కాదు. అయితే ఆయన ఒక లెక్క వేసుకొని మరీ వచ్చాడు.

"సారూ, ఎమ్మెస్సీ రెండేండ్లంటున్నది. దాని మీద ఇంకో అయిదేండ్లంటున్నది. గీ ఏడేండ్లు పైసలెవలిస్తరు? అప్పటిదాక నేను పెట్టగల్గుతనా?"

ఈ ప్రశ్నకు సమాధానం తెలియక చదువు ఆపివేసిన విద్యార్థులు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి తెలివి తక్కువ కాలేదు, మార్కులు తక్కువ కాలేదు. పరిశోధన చేసే విద్యార్థికి దేశమే నెలనెలా వేతనం ఇస్తుందన్న సంగతి, దానిని అడిగే పద్ధతి ఒకటి ఉన్నదన్న సంగతి వారికి చెప్పినవారు లేరు. ఆ రైతుకు నేను చెప్పిన సమాధానాన్నే కొంచెం వివరంగా ఇక్కడ వ్రాస్తున్నాను. ఉన్నత పాఠశాలల్లోని ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఇది ఇప్పటినుంచే ఎందుకు అవసరమో వ్యాసం చివరకు వచ్చేసరికి తెలుస్తుంది.

ఉపకారవేతనం వేరు, పరిశోధనవేతనం వేరు

ముందుగా ఆ ఏడేళ్లను రెండుగా విడదీయాలి. ఎం.ఎస్సి. రెండేళ్లు ఒక భాగం, పిహెచ్.డి. అయిదేళ్లు మరొక భాగం. ఈ రెండింటికీ డబ్బు వచ్చే మార్గాలు వేరు, వాటి వెనుక ఉన్న ఆలోచన కూడా వేరు.

ఎం.ఎస్సి.లో విద్యార్థి నేర్చుకొనేవాడు. అతనికి ఇచ్చేది ఉపకారవేతనం. మెట్రిక్ తరువాతి చదువులకు ఉపకారవేతనాలు మన దేశంలో 1944లో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మొదలై, తరువాత షెడ్యూల్డు తెగలవారికి వర్తించాయి. వెనుకబడిన తరగతులకు కూడ ఇటువంటి పథకాలు ఏర్పడినాయి. తెలంగాణలో ఈ దరఖాస్తులను ఈపాస్ అనే వెబ్‌సైటు ద్వారా స్వీకరిస్తున్నారు. ఇందులో రెండు అంశాలు ఉంటాయి. కళాశాలకు చెల్లించవలసిన బోధన రుసుము ఒకటి, దీనిని ఆర్.టి.ఎఫ్. అంటారు. విద్యార్థి భోజనానికి, వసతికి ఇచ్చే నిర్వహణ మొత్తం రెండవది, దీనిని ఎం.టి.ఎఫ్. అంటారు. కుటుంబ ఆదాయం నిర్ణీత పరిమితికి లోబడి ఉన్నవారికే ఇవి లభిస్తాయి. మొదటి సంవత్సరం కొత్త దరఖాస్తు, రెండవ సంవత్సరం పునరుద్ధరణ దరఖాస్తు పెట్టాలి. మొదటి ఏడు వచ్చింది గనుక రెండవ ఏడు దానంతటదే వస్తుందనుకొని ఊరకున్నవారు నష్టపోతారు.

పిహెచ్.డి. సంగతి ఇందుకు భిన్నమైనది. అక్కడ విద్యార్థి నేర్చుకొంటూనే పనిచేస్తున్నాడు. ప్రయోగశాలలో ఉదయం మొదలు రాత్రి వరకు అతడు చేసే కొలతలు, లెక్కలు, తప్పులు, దిద్దుబాట్లు ఇవన్నీ కలిసి కొత్త జ్ఞానంగా రూపొందుతాయి. దేశంలోని పరిశోధనలో చాలా భాగం పరిశోధక విద్యార్థుల చేతులమీదుగానే నడుస్తున్నది. కనుక అతనికి ఇచ్చేది జాలిపడి చేసే సహాయం కాదు. చేసే పనికి ఇచ్చే వేతనం. దీనినే ఫెలోషిప్ అంటారు. అనేక ఫెలోషిప్పులకు తండ్రి ఆదాయంతో నిమిత్తం లేకపోవడానికి కారణం ఇదే.

ఈ ఏర్పాటు లేని రోజుల్లో పరిశోధనకు పోయినవారు పడిన పాట్లు మనకు తెలిసినవే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల ఆరంభంలో హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్లడానికి మామగారు కూడబెట్టి ఇచ్చిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేసిన సహాయం ఆధారమైనాయి. బోస్టనులో పొట్ట గడవడానికి ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపనివంటి ఉద్యోగం చేశారు. అటువంటి స్థితిలో ఉండి ఫిస్క్‌తో కలిసి కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఎ.టి.పి.ని వెలికి తీశారు. ఆయన గొప్పతనం మనకు గర్వకారణమే. కాని పగలు పరిశోధన, రాత్రి కూలి అనే ఏర్పాటును ఆదర్శంగా పెట్టుకొనడం సరికాదు. ఆ రాత్రులు కూడ ప్రయోగశాలకే దక్కి ఉంటే ఏమి జరిగి ఉండేదో ఎవరు చెప్పగలరు? నేటి ఫెలోషిప్పు విద్యార్థికి ఇచ్చేది ఆ రాత్రులనే.

నెలకు ఎంత?

ఫెలోషిప్పులలో ఎక్కువమందికి తెలిసినది జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వాడుకలో జె.ఆర్.ఎఫ్. భౌతిక, రసాయన, గణిత, జీవ, భూశాస్త్రాలలో దీనికోసం శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి, అంటే సి.ఎస్.ఐ.ఆర్., విశ్వవిద్యాలయ నిధుల సంఘంతో కలిసి 'నెట్' అనే పరీక్షను జరిపిస్తుంది. సాధారణంగా ఏడాదికి రెండు పర్యాయాలు, జూన్ విడత, డిసెంబరు విడత అనే పేర్లతో ఇది జరుగుతుంది. పరీక్షకు వ్యవధి మూడు గంటలు, మార్కులు 200. ప్రశ్నపత్రంలో మూడు భాగాలుంటాయి. మొదటి భాగంలో అందరికీ సామాన్యమైన తర్కం, లెక్కలు. మిగిలిన రెండింటిలో ఎంచుకొన్న శాస్త్రం. తప్పు సమాధానాలకు మార్కులు తగ్గిస్తారు.

ఎం.ఎస్సి.లో 55 శాతం మార్కులు ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు 50 శాతం చాలు. చివరి సంవత్సరం చదువుతున్నవారు కూడ దరఖాస్తు చేసుకొనవచ్చు. ఇది చాలామంది గమనించని విషయం. ఎం.ఎస్సి. ముగిసిన తరువాత తీరికగా చూద్దామనుకొన్నవారికి ఒక ఏడాది వృథా అవుతుంది. జె.ఆర్.ఎఫ్.కు గరిష్ఠ వయోపరిమితి కూడ ఉన్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలు, ఇతర వెనుకబడిన తరగతులవారికి కొంత సడలింపు ఉన్నది.

2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. రెండేళ్ల తరువాత నిపుణుల సంఘం పనిని పరీక్షిస్తుంది. సంతృప్తికరంగా ఉంటే ఆ విద్యార్థి సీనియర్ రీసెర్చ్ ఫెలో అవుతాడు. అప్పుడు నెలకు 42,000 రూపాయలు. మొత్తం కాలపరిమితి అయిదేళ్లు. ఆ రైతు ముందు కాగితంమీద ఈ లెక్క వేసి చూపించాను:

మొదటి 24 నెలలకు 8,88,000 రూపాయలు.
తరువాతి 36 నెలలకు 15,12,000 రూపాయలు.
మొత్తం 24,00,000 రూపాయలు.

హాస్టలు వసతి లేనివారికి ఇచ్చే ఇంటి అద్దె భత్యం దీనిలో చేరలేదు. పుస్తకాలకు, రసాయనాలకు, ప్రయాణాలకు సి.ఎస్.ఐ.ఆర్. ఏడాదికి ఇచ్చే 20,000 రూపాయలు కూడ చేరలేదు. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చూసి, "ఇది పిల్ల అప్పు తీర్చాల్నా?" అని అడిగాడు. అవసరం లేదు. ఇది అప్పు కాదు.

2024 జూన్ విడత నుంచి నెట్ ఫలితాలలో మూడు తరగతులు ఏర్పరచారు. మొదటి తరగతివారికి జె.ఆర్.ఎఫ్., సహాయాచార్య పదవికి అర్హత, పిహెచ్.డి. ప్రవేశానికి అర్హత మూడూ లభిస్తాయి. రెండవ తరగతివారికి సహాయాచార్య పదవికి, పిహెచ్.డి. ప్రవేశానికి అర్హత, మూడవ తరగతివారికి పిహెచ్.డి. ప్రవేశానికి మాత్రమే అర్హత. చివరి రెండు తరగతులలో పేరు వచ్చినంత మాత్రాన ఫెలోషిప్పు డబ్బు రాదు. ఫలితపత్రం చూసుకొనేటప్పుడు ఈ తేడాను మరచిపోరాదు.

మిగిలిన దారులు

నెట్ ఒక్కటే దారి కాదు. ఆ దారిలో స్థలం దొరకనివారు నిరాశపడి వెనుదిరుగుతుంటారు. అందుచేత మిగిలినవాటిని కూడ చెప్పాలి.

మొదటిది గేట్ పరీక్ష. ఇది ఇంజనీరింగు విద్యార్థులదేనని సామాన్యంగా అనుకొంటారు. కాని రసాయన, భౌతిక, గణిత, జీవశాస్త్రాలవారికి కూడ ఇందులో ప్రశ్నపత్రాలున్నాయి. దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతాల్లో మొదలై, పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది. ఫలితం మూడేళ్లపాటు చెల్లుతుంది. గేట్ ఆధారంగా ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు ఇస్తారు. పిహెచ్.డి.లో చేరినవారికి వరంగల్లులోని జాతీయ సాంకేతిక సంస్థ వంటివి తమ నిధులనుంచే ఫెలోషిప్పు ఇస్తాయి.

రెండవది, బి.ఎస్సి. తరువాత నేరుగా చేరగల సమగ్ర పిహెచ్.డి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వంటి కొన్ని చోట్ల ఈ ఏర్పాటు ఉన్నది. ప్రవేశం 'జామ్' వంటి జాతీయ పరీక్షల ద్వారా జరుగుతుంది. చేరిన మొదటి సంవత్సరం నుంచే వేతనం ఇవ్వడం దీనిలోని మేలు.

మూడవది మన ఏజెన్సీ విద్యార్థులు ముఖ్యంగా తెలుసుకొనవలసినది. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ షెడ్యూల్డు తెగల పరిశోధకులకు ఏటా 750 జాతీయ ఫెలోషిప్పులు ఇస్తున్నది. దీనికి ఎంపిక పోస్టుగ్రాడ్యుయేట్ పరీక్షలో వచ్చిన మార్కులనుబట్టి జరుగుతుంది. నెట్ ఉత్తీర్ణత తప్పనిసరి కాదు. వేతనం జె.ఆర్.ఎఫ్.తో సమానం. షెడ్యూల్డు కులాలకు, ఇతర వెనుకబడిన తరగతులకు కూడ జాతీయ ఫెలోషిప్పులు వేరుగా ఉన్నాయి. వాటికి ఎంపిక నెట్ ఫలితం ఆధారంగా జరుగుతున్నది.

నాలుగవది విదేశ విద్య. షెడ్యూల్డు తెగల విద్యార్థులకు జాతీయ విదేశీ ఉపకారవేతనం 1954-55 నుంచీ ఉన్నది. ఏడాదికి 20 మందికి ఇస్తారు. అందులో 3 స్థానాలు ఆదిమ తెగలుగా గుర్తింపు పొందినవారికి ప్రత్యేకించారు. తెలంగాణ ప్రభుత్వం అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి పేరిట షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, మహాత్మా జ్యోతిబా ఫులే పేరిట వెనుకబడిన తరగతులవారికి 20 లక్షల రూపాయల వరకు సహాయం చేస్తున్నది. అమెరికాకు పోదలచినవారు మరొక తేడా గ్రహించాలి. అక్కడ ఎం.ఎస్.కు పోయే మనవారిలో ఎక్కువమంది అప్పు చేసి పోతున్నారు. విజ్ఞానశాస్త్రాలలో నేరుగా పిహెచ్.డి.కి ప్రవేశం పొందినవారికి మాత్రం సాధారణంగా బోధన రుసుము మాఫీచేసి, తరగతిలో గాని ప్రయోగశాలలో గాని సహాయకునిగా పని ఇచ్చి, నెలనెలా వేతనం ఇస్తారు. ఒకే దేశం, ఒకే విశ్వవిద్యాలయం; దరఖాస్తులో ఏ చదువును కోరామన్న దానినిబట్టి ఒకరు అప్పులో, మరొకరు వేతనంలో ఉంటారు.

పరిమిత కారకం

ఇన్ని దారులున్నప్పుడు మన పిల్లలు ఎందుకు చేరలేకపోతున్నారు? రసాయనశాస్త్రంలోని ఒక చిన్న విషయం ఇక్కడ పనికివస్తుంది.

రెండు అణువుల ఉదజని, అంటే హైడ్రోజన్, ఒక అణువు ఆమ్లజనితో, అంటే ఆక్సిజన్‌తో కలిసి రెండు అణువుల నీరు ఏర్పడుతుంది. మనవద్ద పది అణువుల ఉదజని, ఒకే ఒక అణువు ఆమ్లజని ఉన్నాయనుకొందాం. నీరు ఎంత వస్తుంది? రెండు అణువులే. మిగిలిన ఎనిమిది అణువుల ఉదజని వృథాగా పడి ఉంటుంది. ఉదజనిని వంద అణువులకు పెంచినా నీరు పెరగదు. ఎంత నీరు రావాలో నిర్ణయిస్తున్నది తక్కువగా ఉన్న ఆమ్లజని. అందుకే దానిని పరిమిత కారకం అంటాము.

ఫెలోషిప్పు దరఖాస్తులో తెలివి, మార్కులు, శ్రమ ఉదజని వంటివి. అవి మన విద్యార్థులకు ఉన్నవి. పరిమిత కారకం చాలాసార్లు ఒక కాగితమో, ఒక తేదీయో అవుతున్నది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పే మాట కాదు. ఎం.ఎస్సి. చివరి సంవత్సరంలో నేను ఒక ఫెలోషిప్పుకు దరఖాస్తు చేశాను. ఆదాయ ధ్రువపత్రం జతపరచాలి. నా పెట్టెలో ఒకటి ఉన్నది గదా అని దానినే పెట్టాను. అది అంతకుముందు సంవత్సరానిది. దాని గడువు తీరిపోయింది. దరఖాస్తు తిరస్కరించారు. కొత్తది తీసుకొనడానికి అప్పటికి వ్యవధి లేదు. మరుసటి ఏడు ఇంటి పరిస్థితులవల్ల ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. పాఠం చెప్పడంలో నాకు సంతోషం లేదని కాదు. కాని మా ఆచార్యులు నాకోసం అట్టిపెట్టిన పరిశోధనాంశంమీద మరొకరు పనిచేసి డాక్టరేటు పుచ్చుకొన్నారు. తప్పు ఎవరిదీ కాదు, నాదే. కాగితంమీద తేదీ చూడడానికి ఒక నిమిషం పట్టేది.

గొప్పవారికి కూడ ఇటువంటి అనుభవం తప్పలేదు. ప్రపంచ ప్రసిద్ధ గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం చదివి, అక్కడే పరిశోధన చేయాలనుకొన్నారు. దరఖాస్తు ఆలస్యంగా అందిందన్న కారణంతో ఆయనకు వేతనం లభించలేదు. ఉద్యోగ ప్రయత్నంమీద కలకత్తా వెళ్లారు; ఆ ఉద్యోగమూ రాలేదు. అక్కడ అనుకోకుండా భారతీయ గణాంక సంస్థను చూడడం తటస్థించి, 1941లో అందులో చేరారు. 1945లో ఆయన ప్రచురించిన పత్రానికి 2023లో, ఆయన 102వ ఏట, అంతర్జాతీయ గణాంక బహుమానం లభించింది. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఈ కథలో ఆలస్యం మేలే చేసినట్లు కనిపిస్తుంది. కాని ఆలస్యమైన ప్రతివారికీ కలకత్తాలో ఒక సంస్థ ఎదురురాదు. ఎదురురానివారి పేర్లు మనకు తెలియవు. తెలిసే అవకాశం కూడ లేదు.

ఏ కాగితాలు, ఎప్పుడు?

కనుక ఎం.ఎస్సి. మొదటి సంవత్సరంలోనే ఒక సంచిలో ఈ కింది కాగితాలు సిద్ధంగా ఉంచుకొనాలి.

పదవ తరగతి ధ్రువపత్రం. పేరు, పుట్టిన తేదీ విషయంలో అన్నింటికీ ఇదే మూలం. ఇందులోని పేరు, ఆధార్‌లోని పేరు, బ్యాంకు ఖాతాలోని పేరు అక్షరం తేడా లేకుండా ఒకటిగా ఉండాలి. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, మరొకదానిలో పొడి అక్షరంగా ఉంటే కంప్యూటరు వారిద్దరినీ వేరు మనుషులుగా భావిస్తుంది.

కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం. వీటికి మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేస్తే తహసీలుదారు మంజూరు చేస్తారు. ఆదాయ ధ్రువపత్రం నిర్ణీత కాలం వరకే చెల్లుతుంది. ప్రకటన వెలువడిన తరువాత దీనికోసం తిరగడం మొదలుపెట్టరాదు.

వెనుకబడిన తరగతులవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. రాష్ట్ర ప్రభుత్వ అవసరాలకు ఇచ్చే బి.సి. ధ్రువపత్రం కేంద్ర సంస్థల దరఖాస్తులకు పనికిరాదు. కేంద్ర నమూనాలో ఇచ్చే ఓ.బి.సి. ధ్రువపత్రం వేరుగా తీసుకొనాలి. సంపన్నశ్రేణికి చెందరన్న మాట దానిలో ఉండాలి.

బ్యాంకు ఖాతా. ఆధార్‌తో ముడిపడి, వాడుకలో ఉన్న ఖాతా కావాలి. చాలాకాలం లావాదేవీలు లేక స్తంభించిపోయిన ఖాతాకు పంపిన డబ్బు వెనుకకు పోతుంది.

వీటన్నింటికీ నకళ్లు తీసి, ఫోనులోనూ, మరొక చోటనూ భద్రపరచుకొనాలి. గోదావరి ఒడ్డున ఉండేవారికి ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. 2022 జులై వరదలలో తడిసిపోయిన ఇళ్లలో బియ్యం, బట్టలతోపాటు పెట్టెలు కూడ ఉన్నాయి. దరఖాస్తులను ఆఖరి రోజున పెట్టరాదు. ఆ రోజు అందరూ ఒక్కసారిగా ప్రయత్నించడంవల్ల వెబ్‌సైటు నెమ్మదిస్తుంది, మన అడవి గ్రామాలలో సిగ్నలు సంగతి సరేసరి. చివరి తేదీకి పది రోజుల ముందటి తేదీనే తన చివరి తేదీగా గోడమీద వ్రాసిపెట్టుకొన్న విద్యార్థి నష్టపోడు.

పరిశోధనాంశం గురించి ఏమి వ్రాయాలి?

చాలా దరఖాస్తులలో, లేదా ఇంటర్వ్యూలో, ఏ విషయంమీద పనిచేయదలచారో చెప్పవలసి ఉంటుంది. "విజ్ఞానశాస్త్రమంటే నాకు చిన్ననాటినుంచి ఆసక్తి, పరిశోధన చేసి దేశసేవ చేయదలచాను" అని వ్రాసేవారు ఎక్కువ. ఇది మంచి మాటే గాని, చదివేవారికి దీనివల్ల తెలిసేది ఏమీ లేదు. వారు మూడు విషయాలు వెదుకుతారు: ప్రశ్న ఏమిటి, దానిని ఎలా కొలుస్తావు, ఆ పనికి నీవు ఇంతవరకు చేసిన తయారీ ఏమిటి.

మన ఊరి విషయమే తీసుకొందాం. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. ఆ వానకు జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయి గ్రామాన్ని ముంచెత్తింది, ప్రాణనష్టం జరిగింది. దీనిమీద ఒక విద్యార్థి, "వరదల సమస్యపై పరిశోధన చేస్తాను" అని వ్రాస్తే అది అంశం కాదు, శీర్షిక మాత్రమే. అదే విద్యార్థి ఇలా వ్రాశాడనుకొందాం: "వరద ముంచిన గ్రామాలలోని చేతిపంపుల నీటిలో నైట్రేటు, సూక్ష్మజీవులు ఎంతకాలంవరకు ఎక్కువగా ఉంటున్నవి? వాగుకు వేర్వేరు దూరాలలో ఉన్న పంపులనుంచి వానాకాలానికి ముందు, తరువాత నెలకొకసారి నీరు తీసి పరీక్షిస్తాను. ఎం.ఎస్సి. ప్రాజెక్టులో నీటి విశ్లేషణ పద్ధతులు నేర్చుకొన్నాను. ఆ గ్రామాల భాష నాకు వచ్చు." ఇందులో ప్రశ్న ఉన్నది, కొలత ఉన్నది, తయారీ ఉన్నది.

చివరి వాక్యాన్ని గమనించండి. కోయభాష రావడం, వాగు ఎటునుంచి పొంగుతుందో చిన్ననాటినుంచి చూసి ఉండడం, ఇవి శాస్త్రజ్ఞునికి అక్కరలేని విషయాలని మన విద్యార్థులు అనుకొని దాచిపెడతారు. పొరపాటు. పెద్ద నగరంలోని ప్రయోగశాలకు ఖరీదైన పరికరం కొనడం తేలిక; గూడెంలో ఇంటింటికీ పోయి, నమ్మకంగా మాట్లాడి, సరైన సమాచారం తేగలవాడు దొరకడం కష్టం.

డబ్బు చేతికి వచ్చేవరకు

ఎంపిక జరిగినదని ఉత్తరం వచ్చినంతనే నెలజీతం మొదలు కాదు. ఆ ఉత్తరం చెల్లుబాటుకు గడువు ఉంటుంది. ఆలోగా విశ్వవిద్యాలయంలోనో, హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. వంటి ప్రయోగశాలలోనో మార్గదర్శకుడు దొరకాలి, ప్రవేశం పొందాలి, చేరిన పత్రం పంపాలి. మొదటి వేతనం చేతికి అందేసరికి కొన్ని నెలలు గడవవచ్చు; వచ్చినప్పుడు బకాయితో కలిసి వస్తుంది. ఈ సంగతి ముందుగా తెలియనివారు మధ్యలో భయపడి మానివేస్తారు. ఎంపికైన వెంటనే మూడు నాలుగు నెలల ఖర్చుకు ఏదైనా ఏర్పాటు చూసుకొనడం మంచిది. ఒకేసారి రెండు ఫెలోషిప్పులు పుచ్చుకొనడానికి వీలులేదన్న నియమాన్ని కూడ గుర్తుంచుకొనాలి.

ఉన్నత పాఠశాలతో ఏమి సంబంధం?

ఎం.ఎస్సి. తరువాతి విషయం పదవ తరగతివారికి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పరిశోధక విద్యార్థి దరఖాస్తులోని మొదటి కాగితం పదవ తరగతి ధ్రువపత్రమే గదా! పరీక్షకు నామినల్ రోల్స్ పంపేనాడు ఉపాధ్యాయుడు వ్రాసిన పేరు, పుట్టిన తేదీ, ఆ విద్యార్థి వెంట చివరిదాకా నడుస్తాయి. ఆ రోజు ఒక్కొక్క విద్యార్థిని పిలిచి, ఆధార్ కార్డు పక్కన పెట్టి సరిచూస్తే పది నిమిషాల పని. తరువాత దిద్దించాలంటే నెలలు పడుతుంది.

రెండవ పని చెప్పడం. గూడెంలోని పిల్లవానికి డాక్టరు, టీచరు, పోలీసు, పట్వారీ తెలుసు. పరిశోధకుడు అనే ఉద్యోగం ఒకటి ఉన్నదని, దానికి చదువుతూ ఉండగానే జీతం ఇస్తారని తెలియదు. ఏడాదికి ఒకసారి ఈ మాట తరగతిలో చెబితే చాలు. ఇప్పుడు ములుగు వద్ద సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడ వెలిసింది. 2023లో పార్లమెంటు చట్టం చేసింది. పరిశోధనాలయం మన గడపలోకి వస్తున్నది. దానిలోకి అడుగుపెట్టే విద్యార్థులు ఎక్కడో పుట్టినవారు మాత్రమే కాకూడదు.

ఆ రోజు లెక్క కాగితాన్ని మడిచి రైతు చొక్కా జేబులో పెట్టుకొన్నాడు. లేచి వెళ్లబోతూ, "ఇప్పుడైతే ఏం జెయ్యాలె సారు?" అన్నాడు. ముందుగా మీసేవకు పోయి కొత్త ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టమన్నాను. ఇద్దరూ మర్నాడే పోయి వచ్చారు. అమ్మాయి ఇప్పుడు ఎం.ఎస్సి. మొదటి సంవత్సరంలో ఉన్నది. నెట్ చివరి తేదీకి పది రోజుల ముందటి తేదీ ఎప్పుడవుతుందో ఆమె నన్ను ఫోనులో అడుగుతూ ఉంటుంది.